తాళం వేసిన ఫైలు

కోల్డ్ స్టోరేజి వరండాలో అడుగు పెట్టగానే డిటెక్టివ్‌కి కళ్ళు మండాయి. చేతిరుమాలుతో తుడుచుకుంది. మళ్ళీ మండాయి.

"ఇక్కడ ఎప్పుడూ ఇంతేనా?" అని అడిగింది ముందు నడుస్తున్న మేనేజర్‌ని.

"అమోనియాతో నడిచే యంత్రాలు కదా మేడమ్, కాస్త ఘాటు మామూలే. రెండ్రోజులుంటే ముక్కు అలవాటు పడిపోతుంది," అన్నాడాయన, ఆవిడ కోసం తలుపు తెరిచి పట్టుకుంటూ. "సోమవారం లీకైన వాల్వు మార్పించేశాం. మీరేం కంగారు పడకండి."

మెత్తటి మనిషి. మాటా మెత్తనే, నడకా మెత్తనే. ఇలాంటివాళ్ళని చూస్తే డిటెక్టివ్‌కి ఒళ్ళు మండుతుంది. కానీ ఒళ్ళు మండటం సాక్ష్యం కిందికి రాదని ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆవిడ చాలా ఏళ్ళు ఒక బ్యాంకులో కంప్యూటర్ల బాగోగులు చూసింది. తాళం వేశాక ముందుకీ వెనక్కీ లాగి చూసి, నాలుగడుగులు వేసి, వెనక్కొచ్చి మళ్ళీ లాగే రకం. అక్కడి కుర్రకారు 'చాదస్తం' అని పేరు పెట్టారు. ఉద్యోగం మానేసి డిటెక్టివ్ బోర్డు కట్టుకున్నాక కూడా ఆ పేరు వెంటే వచ్చింది. ఆవిడకీ దాని మీద పెద్ద ఫిర్యాదేం లేదు.

కేసు వినడానికి చిన్నదే. సోమవారం పొద్దున కంప్రెసర్ రూమ్‌లో అమోనియా లీకైంది. గాల్లో గ్యాసు హద్దు దాటితే సైరన్ మోగాలి. మోగలేదు. లోపల పనిచేస్తున్న ముసలి మేస్త్రి ఊపిరాడక చచ్చిపోయాడు. ఎంత గ్యాసుకి సైరన్ మోగాలో చెప్పే అంకె కంట్రోల్ రూమ్ కంప్యూటర్లో ఒక చిన్న టెక్స్ట్ ఫైల్లో ఉంటుంది. అక్కడ ఇరవై అయిదు ఉండాలి. మేస్త్రి పోయాక తెరిచి చూస్తే రెండు వందల యాభై ఉంది. ఎవరో పక్కన ఒక సున్నా చేర్చారు. ఆ ఫైలు షిఫ్ట్ ఇంజనీరు అమ్మాయి పేరు మీద ఉంది.

ఆ అమ్మాయి తండ్రి నిన్న డిటెక్టివ్ ఇంటికొచ్చాడు. 'మా పిల్ల అలాంటిది కాదు' అని చెబుదామని వచ్చినవాడు, ఆ ఒక్క మాటా పూర్తి చెయ్యలేక కుర్చీలో కూర్చుని ఏడ్చాడు. ఈ మధ్యాహ్నంలోగా ఏదో ఒకటి తేల్చకపోతే ఇన్‌స్పెక్టర్ ఆ అమ్మాయిని జీపెక్కించడం ఖాయం.

"ముందు అమ్మాయితో మాట్లాడతాను. ఒంటరిగా," అంది డిటెక్టివ్.

"అలాగే మేడమ్. ఆవిడ క్యాబిన్‌లోనే కూర్చోబెట్టాం. నేను నా గదిలో ఉంటాను," అని మేనేజర్ మెత్తగా తప్పుకున్నాడు.

క్యాబిన్ మరీ ఇరుకు. ఒక బల్ల, ఒక కంప్యూటర్, గోడకి తగిలించిన గ్యాసు మాస్కు. అమ్మాయికి ఇరవై ఆరో, ఏడో ఉంటాయి. మూడు రోజులుగా నిద్ర లేదని కళ్ళే చెబుతున్నాయి.

డిటెక్టివ్ కుర్చీ లాక్కుని కూర్చుంది. "నువ్వు మార్చావా ఆ అంకె?"

"లేదండీ."

"మరి ఫైలు నీ పేరు మీద ఎందుకుంది?"

"మొదట రాసింది నేనే కదండీ. పోయినేడు కొత్త కంప్యూటర్ పెట్టినప్పుడు."

"ఎక్కడ కూర్చుని రాశావు?"

"కంట్రోల్ రూమ్‌లో. అది లైనక్స్ మిషన్. నల్లటి తెర, కీబోర్డు. మౌస్ కూడా ఉండదు."

"అనుమతులేం పెట్టావు?"

అమ్మాయి కళ్ళలో కొంచెం ప్రాణం వచ్చింది. మూడు రోజుల్లో మొదటిసారి ఎవరో ఆమెని తెలిసిన విషయం అడిగారు. "నేను చదవొచ్చు, రాయొచ్చు. మిగతావాళ్ళు చదవడం వరకే."

"నడపడానికి?"

"నడపడమేంటండీ? అది సెట్టింగుల ఫైలు, ప్రోగ్రామ్ కాదు కదా. దాన్నెవరు నడుపుతారు?"

"సోమవారం పొద్దున ఏడింటికి ఎక్కడున్నావు? ఫైలు మారింది అప్పుడే."

"డ్యూటీలో ఉన్నాను. ఇక్కడే. ఒక్కదాన్నే." ఆ జవాబు తనకే ముప్పని తెలిసి కూడా తడుముకోకుండా చెప్పింది.

డిటెక్టివ్ గోడకున్న మాస్కు వైపు చూసింది. "మేస్త్రికి మాస్కు లేదా?"

"ఇది ఆయనదే." అమ్మాయి చెయ్యి చాపి మాస్కు మీది దుమ్ము తుడిచింది. "నాకు ఇక్కడ పని నేర్పింది బాబాయే. నా సొంత బాబాయేం కాదు, కానీ నేనలాగే పిలిచేదాన్ని. మాస్కు పెట్టుకోమని రోజూ పోరేదాన్ని. 'నువ్వు పెట్టిన సైరన్ ఉందిగా తల్లీ, అది అరిస్తే పెట్టుకుంటాలే' అనేవాడు. ఆ సైరన్‌ని నమ్ముకునే లోపలికెళ్ళాడండీ. పిన్ని మొహం చూడ్డానికి కూడా నాకు ధైర్యం లేదు."

 ఓదార్చడం డిటెక్టివ్‌కి చేతకాదు. లేచి, అమ్మాయి భుజం మీద ఒకసారి చెయ్యేసి, బయటికొచ్చేసింది.

*

కంట్రోల్ రూమ్‌లో ఇన్‌స్పెక్టర్ గడియారం చూసుకుంటున్నాడు. పక్కనే ఇస్త్రీ నలగని చొక్కాలో కంపెనీ పెట్టుకున్న కంప్యూటర్ నిపుణుడు. అతను డిటెక్టివ్ భర్తకి స్వయానా తమ్ముడు. ఈ పనిలోకి అతన్ని లాగిందీ ఈవిడే. ఇప్పుడు ఏ కేసులో చూసినా ఆవిడకి ఎదురు కుర్చీలో అతనే తేలుతున్నాడు.

"రండి వదినా! మీ కోసమే ఆపాం. ఇన్‌స్పెక్టర్ గారికి భోజనం టైమవుతోంది."

"నీకు భోజనం ధ్యాస ఎప్పుడు పోయింది గనక? ఫైలు చూపించు."

మరిది నవ్వుతూ కీబోర్డు మీద రెండు మీటలు నొక్కాడు. నల్లటి తెర మీద ఒక్క వరుస వచ్చింది. అందులో ఫైలు పేరు, సొంతదారు పేరు, చివరిసారి మారిన సమయం. అన్నిటికన్నా ముందు కొన్ని అక్షరాలు.

"ఇదీ సంగతి సార్," అని ఇన్‌స్పెక్టర్‌కి వివరించాడు. "సొంతదారు ఆ అమ్మాయి. సోమవారం నాటికి రాయడానికి అనుమతి ఉన్నది ఆ అమ్మాయికి. మారిన సమయానికి డ్యూటీలో ఉన్నది ఆ అమ్మాయి. వారం రోజులుగా సైరన్ ఊరికే మోగుతోందని విసుక్కున్నది కూడా ఆ అమ్మాయే. ఇంకేం కావాలి?"

డిటెక్టివ్ కళ్ళజోడు పైకి తోసుకుని తెరకి ముక్కు ఆనించినంత పని చేసింది. "ఈ మొదటి అక్షరాలు సార్‌కి చదివి చెప్పు."

"సొంతదారుకి చదవడం, నడపడం. సోమవారం రాయడం కూడా ఉండేది, దాన్ని తర్వాత నేనే తీసేశాను."

"సెట్టింగుల ఫైలుకి నడిపే అనుమతి దేనికయ్యా? చక్రాలున్నాయా దానికి?"

"ఎవరో పొరపాటున పెట్టుంటారు వదినా. దాని వల్ల నష్టమేముంది? మళ్ళీ మొదలెట్టారా చాదస్తం?"

"ఈ గదిలో కూర్చుని, ఈ ఎడిటర్లో ఆ ఫైలు వందసార్లు తెరిచి రాసినా ఆ మూడో అక్షరం దానంతటది రాదు. కావాలని చేతులారా పెట్టాలి. సున్నా చేర్చేవాడికి అది పెట్టాల్సిన పనేముంది?" ఆవిడ వెనక్కి తిరిగింది. "ఈ ఫోల్డర్ ఇంకే కంప్యూటర్లోనైనా తెరుచుకుంటుందా?"

మరిది నవ్వు కొంచెం తగ్గింది. "మేనేజర్ గారి గదిలో విండోస్ మిషన్ ఒకటుంది. ఆయన రిపోర్టులు చూసుకోడానికి దాంట్లో ఈ ఫోల్డర్ కలిపారు."

"నువ్వు దాన్ని చూశావా?"

"దానికీ దీనికీ సంబంధం ఏంటి? ఫైలున్నది ఇక్కడ."

డిటెక్టివ్ తల పైకెత్తింది. తెర పైన గోడకి ఒక పచ్చ దీపం వెలుగుతోంది. "అదేంటి?"

"గ్యాసు దీపం. హద్దు లోపల ఉంటే పచ్చ. దాటితే ఎరుపు, సైరన్."

"హద్దంటే ఈ ఫైల్లో ఉన్న అంకేగా? ఇప్పుడెంతుంది అందులో?"

"రెండు వందల యాభై."

"ఇంకానా?" ఆవిడ గొంతు గదంతా వినబడింది. "మూడు రోజులైంది. మనిషి చచ్చాడు. ఇంకా అదే అంకె ఉంచారా?"

"సాక్ష్యం వదినా! ముట్టుకుంటే సమయం మారిపోతుంది, కోర్టులో మన పని గోవిందా. అందుకే నేనే తాళం వేశాను. రాసే అనుమతి మొత్తం తీసేశాను. ఇప్పుడు దాన్ని ఎవ్వరూ మార్చలేరు. మధ్యాహ్నం కాపీ తీసుకోడానికి మనుషులొస్తారు. అప్పటిదాకా అది అలాగే ఉంటుంది."

"లోపల మనుషులున్నారా?"

ఇన్‌స్పెక్టర్ కల్పించుకున్నాడు. "నిన్నటి నుంచి యంత్రాలు నడుస్తున్నాయి మేడమ్. సరుకు కుళ్ళిపోతుందని మేనేజర్ మొత్తుకుంటే ఒప్పుకున్నాం. పొద్దున షిఫ్టులో నలుగురున్నారు. వాల్వు మార్చేశారు కదా. దీపం కూడా పచ్చగానే ఉంది."

"గ్యాసు లేక పచ్చగా ఉందా, రెండు వందల యాభై దాటక పచ్చగా ఉందా సార్? ఇప్పుడు ఎంతుందో చూపించండి నాకు."

"అంకె చూపించదు," అన్నాడు మరిది. "రంగే."

"నా కళ్ళు మండుతున్నాయి."

"నావీ మండుతున్నాయి. మీతో వాదన పెట్టుకున్నప్పుడల్లా నాకింతే."

ఇన్‌స్పెక్టర్ కిసుక్కున నవ్వి, నవ్వకూడదని గుర్తొచ్చి మీసం సవరించుకున్నాడు. డిటెక్టివ్ నవ్వలేదు. ఆ అంకె ఇప్పుడే సరిచేయమని బతిమాలింది, గట్టిగా అడిగింది, చివరికి బల్ల గుద్దింది. పై అధికారుల అనుమతి లేనిదే సాక్ష్యం ముట్టుకోనివ్వనని ఇన్‌స్పెక్టర్ భీష్మించుకున్నాడు. మరిది కూడా మెత్తబడలేదు. నిబంధనలు అతనికి నేర్పింది ఈవిడే మరి.

"సరే," అంది చివరికి. "ఆ విండోస్ మిషన్ చూద్దాం పదండి."

*

మేనేజర్ గది శుభ్రంగా ఉంది. ఆయన లేచి తన కుర్చీ డిటెక్టివ్‌కి ఇచ్చాడు. ఆవిడ మౌస్ కదిపి కంట్రోల్ రూమ్ ఫోల్డర్ మీద నొక్కింది. టక్కున తెరుచుకుంది.

"పాస్‌వర్డ్ అడగలేదే?"

"అది ఆ అమ్మాయే పెట్టిచ్చింది మేడమ్, పోయినేడు," అన్నాడు మేనేజర్. "నాకు పాస్‌వర్డులు గుర్తుండవు. రోజూ అడుగుతుంటే విసుగొచ్చి తనదే ఎక్కించి వదిలేసింది."

డిటెక్టివ్ తల పట్టుకుంది. పిచ్చిపిల్ల! పెద్దాయన ఇబ్బంది పడుతున్నాడని తన తాళంచెవి తీసి ఆయన జేబులో వేసింది. ఇలాంటి మంచితనాలు ఆవిడ బ్యాంకులో బోలెడు చూసింది. పాస్‌వర్డ్ అప్పివ్వడాన్ని తప్పని ఎవరూ అనుకోరు, మెడకి చుట్టుకునేదాకా.

ఆవిడ ఎడిటర్ తెరిచి 'పరీక్ష' అని ఒక్క మాట కొట్టి, ఆ ఫోల్డర్లోనే సేవ్ చేసింది. "నువ్వు కంట్రోల్ రూమ్‌కెళ్ళి ఈ కొత్త ఫైలు ఎవరి పేరు మీదుందో చూసి రా," అంది మరిదితో.

అతను గొణుక్కుంటూ వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి మొహం మాడిపోయి ఉంది.

"ఆ అమ్మాయి పేరు మీదుంది. నడిపే అనుమతి కూడా ఉంది."

ఇన్‌స్పెక్టర్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "నాకు అర్థమయ్యేలా చెప్పండి."

"విండోస్‌కి ఒక అలవాటుంది సార్," అంది డిటెక్టివ్. "ఏ ఫైలైనా కొత్తగా మారితే, 'దీనికింకా నకలు తీయలేదు' అని ఒక గుర్తు పెట్టుకుంటుంది. లైనక్స్‌లో ఆ గుర్తుకి చోటు లేదు. అందుకని మధ్యలో ఈ రెండిటినీ కలిపే పాత సాఫ్ట్‌వేర్, ఖాళీగా ఉంది కదా అని దాన్ని తీసుకెళ్ళి నడిపే అనుమతి గడిలో పడేస్తుంది. అంటే సోమవారం ఆ సున్నా చేర్చింది కంట్రోల్ రూమ్‌లో కాదు. ఈ కుర్చీలో కూర్చుని. ఇక్కడ ఎవరు కూర్చుని రాసినా పేరు మాత్రం ఆ పిల్లదే పడుతుంది."

"ఆ అమ్మాయి కూడా ఈ గదిలోకి రావచ్చుగా?" మరిది అంత తేలిగ్గా వదిలేవాడు కాదు. "తన మిషన్ వదిలి ఇక్కడికొచ్చి మార్చిందంటాను నేను. కాదని చూపించండి."

"అదీ పాయింటే," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఎక్కడ అన్నది తేలింది మేడమ్. ఎవరు అన్నది తేలలేదు."

డిటెక్టివ్ మేనేజర్ వైపు తిరిగింది. "సోమవారం ఏడింటికి మీరెక్కడున్నారు?"

"యంత్రాల దగ్గర తిరుగుతున్నాను మేడమ్. ఈ గది తలుపు తీసే ఉంటుంది. ఎవరైనా రావచ్చు." ఆయన కంఠంలో వణుకు లేదు. "పాపం, ఆ అమ్మాయి కావాలని చేసిందని నేనూ అనను. సైరన్ గోల భరించలేక ఏదో... చిన్నపిల్ల కదా."

జాలిపడుతూనే ఉరితాడు బిగించడం ఈయన దగ్గర నేర్చుకోవాలి అనుకుంది డిటెక్టివ్.

"ఈ మిషన్ కూడా పట్టుకెళ్తాం," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "దీని పాస్‌వర్డులన్నీ కావాలి."

"తప్పకుండా సార్. ఒక్క పది నిమిషాలివ్వండి, చూసి రాసిస్తాను." మేనేజర్ తన కుర్చీలో మళ్ళీ మెత్తగా కూర్చున్నాడు. "ఆ అమ్మాయి ఇంకా క్యాబిన్‌లోనే ఉందా? తన కంప్యూటర్ ముందే కూర్చోబెట్టారు, అది మంచిదేనంటారా?"

"అక్కడే ఉంది," అంది డిటెక్టివ్.

*

వరండాలోకి రాగానే ఆవిడ అడుగు వేగం పెరిగింది. తిన్నగా క్యాబిన్‌కెళ్ళి, "లే. ఆ మాస్కు కూడా తీసుకుని నాతో రా," అని అమ్మాయిని కంట్రోల్ రూమ్‌కి లాక్కొచ్చింది. ఇన్‌స్పెక్టర్ ఎదురుగా కుర్చీ వేసి కూర్చోబెట్టింది. అమ్మాయి మాస్కు ఒళ్ళో పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ వేసుకుని కూర్చుంది.

"ఇదేంటి మేడమ్?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఈవిడ చేతులు మీ కళ్ళ ముందుండాలి సార్. అంతే." తర్వాత మరిదితో అంది: "ఆ ఫైలు వరుస తెర మీద పెట్టు. రెండు సెకన్లకోసారి దానంతటదే కొత్తగా చూపించేలా పెట్టు."

"దేనికి? తాళం వేశానని చెప్పానా లేదా?"

"సొంతదారు పేరు మార్చావా?"

"ఎలా మారుస్తాను వదినా? ఆ పేరే కదా సాక్ష్యం!"

"మరి తన సొంత ఫైలుకి నువ్వు తాళం వేస్తే, సొంతదారు దాన్ని తీసుకోలేదా? ఆ విండోస్ ఎడిటర్లో తెరిచి అంకె మార్చి సేవ్ కొడితే, 'ఇది చదవడానికి మాత్రమే ఉన్న ఫైలు, తాళం తీసి సేవ్ చెయ్యమంటారా' అని మర్యాదగా అడుగుతుంది. ఔనంటే చాలు. అది ఆ పిల్ల పేరుతోనే లోపలికొస్తుంది కాబట్టి ఈ కంప్యూటర్ మారు మాట్లాడకుండా తాళం తీసిచ్చేస్తుంది."

 మరిది వరుస తెర మీదికి తెచ్చాడు. అందులో ఇప్పుడు రాసే అక్షరం లేదు, అతను వేసిన తాళం అదే. సోమవారం, ఏడు గంటలు. అమ్మాయి పేరు. రెండు సెకన్లు. అదే వరుస. రెండు సెకన్లు. అదే వరుస.

"ఎవరొస్తారని వదినా?" అని నెమ్మదిగా అడిగాడు. ఇప్పుడతని గొంతులో వెటకారం లేదు.

"సైరన్ మోగి యంత్రాలు ఆగకూడదని సోమవారం ఆ సున్నా చేర్చినవాడికి ఇప్పుడు ఆ మిషన్ చేజారిపోతోంది. తప్పు తుడిచెయ్యడానికి ఇదే ఆఖరి అవకాశం. పైగా ఇప్పుడు మారిస్తే, క్యాబిన్‌లో కంప్యూటర్ ముందు ఒంటరిగా ఉన్న పిల్లే సాక్ష్యం చెరిపిందని మీరంతా..."

తెర మీద వరుస మారింది.

రాసే అక్షరం తిరిగొచ్చింది. సమయం: ఇప్పుడే. సొంతదారు: అమ్మాయి పేరు. పక్కనే నడిపే అనుమతి, ఎక్కడికీ పోకుండా.

ఇన్‌స్పెక్టర్ గబుక్కున అమ్మాయి చేతుల వైపు చూశాడు. ఆ చేతులు మాస్కు మీద నుంచి కదలలేదు. కీబోర్డుకి ఆమె అయిదడుగుల దూరంలో ఉంది.

"నేను కాదండీ," అంది అమ్మాయి, ఇంకా నమ్మలేనట్టు.

"తెలుసమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఆయన ఆమెని అమ్మా అనడం అదే మొదలు. "ఫైల్లో ఏముందో చూడండి."

మరిది తెరిచాడు. ఇరవై అయిదు.

"పాత అంకె పెట్టేశాడు," అన్నాడు. "సాక్ష్యం పోయింది కానీ, పోన్లే, సైరన్ అయినా..."

మాట పూర్తి కాలేదు. గోడ మీద పచ్చ దీపం ఆరిపోయి ఎర్రది వెలిగింది. మరుక్షణం చెవులకు చిల్లులు పడేలా సైరన్ అందుకుంది.

 అందరికన్నా ముందు అమ్మాయికి అర్థమైంది. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు.

"గ్యాసు ఇప్పుడు కూడా హద్దు దాటే ఉంది," అంది. "వాల్వు మార్చలేదు. ఏదో పైపైన బిగించి వదిలేశారు. నిన్నటి నుంచి కారుతూనే ఉంది!"

బల్ల మీది ఇంటర్‌కమ్ గరగరలాడింది. మేనేజర్ గొంతు. మెత్తదనం ఎటు పోయిందో పోయింది, ఒకటే అరుపు: "ఎవరక్కడ? ఆపండి దాన్ని! లీకు బిగించాం కదా, ఇప్పుడెందుకు మోగుతోంది? నేను పెట్టింది పాత అంకే కదా!"

ఆ తర్వాత ఇంటర్‌కమ్‌లో ఊపిరి చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. తానేమన్నాడో ఆయనకి అప్పుడు తెలిసినట్టుంది. ఇన్‌స్పెక్టర్ కుర్చీ తన్నేసి తలుపు వైపు పరిగెత్తాడు.

అమ్మాయి అప్పటికే మాస్కు మొహానికి బిగించుకుంటోంది. "బయటి వరండాలో పెద్ద వాల్వు ఉంది, అది కట్టేస్తే గ్యాసు ఆగుతుంది. బాబాయ్ చూపించాడు," అని చెబుతూనే గదిలోంచి దూసుకుపోయింది.

మరిది తెర ముందు నిలబడిపోయాడు.  "వదినా... ఆ రెండు వందల యాభైకి నేనే కాపలా కాశాను. మీరు మార్చమంటే కూడా మార్చనివ్వలేదు. లోపల నలుగురున్నారని తెలిసి కూడా."

డిటెక్టివ్‌కి అతన్ని తిట్టాలనీ అనిపించింది, దగ్గరికి తీసుకోవాలనీ అనిపించింది. నిబంధనలు నేర్పినప్పుడు మనుషుల సంగతి కూడా ఇంకాస్త గట్టిగా నేర్పాల్సిందేమో. "ఏడుపు తర్వాత," అంది అతని చొక్కా పట్టుకుని లాగుతూ. "ముందు తలుపులు తెరుద్దాం, రా!"

వరండాలో ఘాటు ఇందాకటికన్నా ఎక్కువుంది. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. అమ్మాయి పెద్ద వాల్వు చక్రాన్ని తన బరువంతా వేసి తిప్పుతోంది. మరిది వెళ్ళి తనూ చెయ్యేశాడు. డిటెక్టివ్ కంప్రెసర్ రూమ్ తలుపు గడియ లాగి బార్లా తెరిచింది.

సైరన్ విని తలుపు దాకా వచ్చేసినవాళ్ళు దగ్గుతూ ఒకరి మీద ఒకరు పడుతూ బయటికొచ్చారు. ఒకడు. ఇంకొకడు. వాళ్ళ వెనకాల మోకాళ్ళ మీద పాక్కుంటూ మూడోవాడు.

"నాలుగోవాడేడి?" అని అరిచింది డిటెక్టివ్.

మూడోవాడు గొంతు పట్టుకుని లోపలికి చూపించాడు. "వాల్వు దగ్గర... పడిపోయాడు."

చక్రం ఆఖరి చుట్టు తిరిగింది. అమ్మాయి ఒక్క క్షణం కూడా ఆగలేదు. తన సైరన్ ఈసారైనా మోగుతున్న ఆ గదిలోకి, మేస్త్రి వాడని మాస్కు పెట్టుకుని, పరిగెత్తుకుంటూ వెళ్ళిపోయింది. తెల్లటి పొగలో ఆమె కనబడకుండా పోయేదాకా చూసి, డిటెక్టివ్ రుమాలు ముక్కుకి కట్టుకుని గడప మీద నిలబడింది.